పాలమూరు గాలి, కరెంటు: తరచుగా అడిగే ప్రశ్నలు

గాలిమరల సైట్లలో పదకొండేళ్లు టెక్నీషియన్‌గా పనిచేశాను. ఎక్కువ కాలం కర్నూలు, అనంతపురం గుట్టల మీద, కొన్నాళ్లు ఇటు పరిగి వైపు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటున్నా. పెళ్లికెళ్లినా, జడ్చర్లలో చాయ్‌కి ఆగినా "ఆ ఫ్యాన్ల సంగతేందన్నా?" అని మొదలవుతుంది. లీజు కాగితాలు వాట్సాప్‌లో పంపి చూడమనేవాళ్లూ ఉన్నారు. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసిపెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## పెట్టకముందు

మా గుట్ట మీద గాలి మస్తు కొడ్తది. టర్బైన్ పెట్టొచ్చా?

గాలి వీయడం వేరు, కరెంటుకు పనికొచ్చేలా వీయడం వేరు. మధ్యాహ్నం రెండు గంటలు పంచె ఎగిరేంత గాలి కొట్టి, మిగతా ఇరవై రెండు గంటలు ఆకు కదలకపోతే లాభం లేదు.

గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని బట్టి ఉంటుంది. వేగం రెండింతలైతే శక్తి ఎనిమిదింతలవుతుంది. రెక్కల చుట్టు వ్యాసం 100 మీటర్లున్న టర్బైన్‌నే తీసుకోండి. సెకనుకు 4 మీటర్ల గాలికి దానినుంచి 110 కిలోవాట్ల దాకా వస్తుంది. 8 మీటర్ల గాలికి దాదాపు 880 వస్తుంది. అందుకే ఏడాది సగటు 5 మీటర్లున్న గుట్టకూ 7 మీటర్లున్న గుట్టకూ మనిషికి తేడా తెలియకపోయినా, బ్యాంకువాళ్లకు బాగా తెలుస్తుంది.

ఎత్తు కూడా లెక్కే. నేల నుంచి 10 మీటర్ల దగ్గర 4 ఉన్న గాలి, 100 మీటర్ల ఎత్తులో ఐదున్నర దాకా ఉండొచ్చు. కింద చెట్లు, ఇళ్లు, బండలు గాలిని పట్టి లాగుతాయి.

కాబట్టి ముందు గుట్ట మీద సన్నటి ఇనుప మాస్టు నిలబెట్టి తాళ్లతో బిగిస్తారు. వేర్వేరు ఎత్తుల్లో చిన్న గిన్నెల్లాంటి వేగమాపకాలు, దిక్కు చూపే తోక పెడతారు. అది పది నిమిషాల సగటు రాసుకుంటూ కనీసం ఏడాది ఉంటుంది. మాస్టు కనిపించగానే టర్బైన్ వచ్చేసినట్టు కాదు, గుట్ట పరీక్ష రాస్తోందన్నమాట. ఏడాది తర్వాత మాస్టు విప్పుకుని చెప్పకుండా పోయిన గుట్టలు నేను చాలా చూశాను.

తెలంగాణలో గాలి కరెంటు అసలుందా? అంతా అనంతపురం దిక్కే కదా కనిపిస్తది?

ఉంది, కానీ తక్కువ. రాష్ట్రం మొత్తం మీద సుమారు 128 మెగావాట్లు. పరిగి చుట్టుపక్కల తిరిగేవి అందులోవే. దేశం మొత్తంగా 2025 మార్చికి 50 వేల మెగావాట్లు దాటింది, అందులో మన వాటా ఎంతో మీరే చూడండి. గుజరాత్, తమిళనాడు, కర్ణాటక చాలా ముందున్నాయి.

చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ అంచనా ప్రకారం 100 మీటర్ల ఎత్తులో తెలంగాణకు 4,200 పైచిలుకు మెగావాట్ల అవకాశం ఉంది. టవర్లు ఎత్తు పెరిగేకొద్దీ ఈ అంచనా కూడా పెరుగుతుంది, ఎందుకంటే మన గాలి నేల దగ్గర నీరసం, పైన నయం.

ఇంటి మీద చిన్న ఫ్యాన్ పెట్టుకుంటే కరెంటు బిల్లు తప్పుతదా?

వద్దనే చెప్తాను. మూడు మీటర్ల వ్యాసమున్న బుల్లి టర్బైన్ సెకనుకు 4 మీటర్ల గాలికి ఇచ్చేది 60 నుంచి 75 వాట్లు. అంటే ఒక సీలింగ్ ఫ్యాన్ నడుస్తుంది. ఫ్యాన్ తిప్పడానికి పైన ఇంకో ఫ్యాన్! ఊళ్లో డాబాల మీద గాలి సుడులు తిరుగుతూ వస్తుంది, బేరింగులు తొందరగా పోతాయి, స్లాబు కూడా అదురుతుంది.

అదే డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెడితే ఎండ బాగున్న రోజు 12 యూనిట్ల దాకా వస్తుంది. కేంద్రం 2024లో తెచ్చిన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ ఉంది, అది కూడా సోలార్‌కే. గాలి పెద్ద టర్బైన్ల వ్యవహారం.

ఏ నెలల్లో గాలి ఎక్కువ?

జూన్ నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా. నైరుతి గాలి పడమటి కనుమలు దాటి, కర్ణాటక మీదుగా నేరుగా మన మీదికి వస్తుంది. ఆషాఢంలో టర్బైన్లు రాత్రింబగళ్లు తిరుగుతాయి. ఏడాది రాబడిలో పెద్ద భాగం ఈ మూడు నాలుగు నెలలదే. అందుకే సర్వీసింగులన్నీ మే లోపల ముగించాలని మా మీద ఒత్తిడి ఉండేది.

అక్టోబర్ నుంచి గాలి పడిపోతుంది. కార్తీకంలో మా నాయనమ్మ కల్లంలో చేట పట్టుకుని, వడ్లు తూర్పార పట్టడానికి గాలి కోసం గంటల తరబడి నిలబడేది. ఆ నెలలో టర్బైన్ల పరిస్థితీ అదే.

## భూమి, కాగితాలు, కట్టడం

లీజుకు భూమి అడుగుతున్నారు. సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలె?

మొదట మీ భూమి ఏ రకమో చూసుకోండి. లావణి పట్టా, అంటే సర్కారు అసైన్ చేసిన భూమైతే 1977 చట్టం ప్రకారం అమ్మడమే కాదు, లీజుకివ్వడం కూడా కుదరదు. "అదంతా మేం చూసుకుంటాం" అనే మధ్యవర్తి మాట నమ్మొద్దు, రేపు నోటీసు వచ్చేది మీ పేరు మీదే. పాస్‌బుక్కులో విస్తీర్ణం, సర్కారు భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో విస్తీర్ణం ఒకటేనా అన్నది కూడా సరిచూసుకోండి.

రెండోది, కాలం. ఇవి మామూలుగా 25, 30 ఏళ్ల లీజులు. ఏడాది దాటిన లీజు ఏదైనా రిజిస్టర్ కావాల్సిందే, వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం చాలదు. కౌలు ఏటా పెరుగుతుందా, ఎంత శాతం, కంపెనీ ఇంకొకరికి అమ్ముడుపోతే కొత్తవాళ్లు కట్టాలా అన్నవి రాతలో ఉండాలి. ఈ వ్యాపారంలో కంపెనీలు చేతులు మారడం మామూలు.

మూడోది నాలా. వ్యవసాయేతర భూమిగా మార్చే ఖర్చు ఎవరిది? మారిన భాగానికి రైతు భరోసా రాదు, ఆ నష్టం కౌలులో కలిసిందా?

చాలామంది మర్చిపోయేది కేబుల్. టర్బైన్ మీ చేలో లేకపోయినా కేబుల్ మీ చేలోంచి పోవచ్చు. నేను పనిచేసిన ఒక సైటులో కాంట్రాక్టర్ కందకం తవ్వి, కేబుల్ వేసి, పైపైన మట్టి కప్పి వెళ్లిపోయాడు. మొదటి పెద్ద వానకు మట్టి కుంగి, వేరుశనగ బస్తాలతో ఉన్న ట్రాలీ చక్రం అందులో దిగబడింది. ఆ రైతు ఆఫీసు చుట్టూ రెండు నెలలు తిరిగాడు. ఒప్పందంలో కందకం గురించి ఒక్క లైను లేదు. ఎంత లోతు, ఎవరు పూడ్చాలి, పంట పోతే ఎంత ఇవ్వాలి అన్న మూడు ముక్కలు రాయించుకోండి.

ఒక్కో టర్బైన్‌కు ఎంత భూమి పోతది? చుట్టూ సేద్యం నడుస్తదా?

కాంక్రీటు పునాది గుండ్రంగా 18, 20 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాని పక్కన క్రేన్ నిలబడే గట్టి నేల, ట్రాన్స్‌ఫార్మర్, దారి. అన్నీ కలిపి రెండు మూడు ఎకరాలు అనుకోండి. పునాదిలో చాలా భాగం మట్టికింద ఉంటుంది.

టర్బైన్‌కూ టర్బైన్‌కూ మధ్య మాత్రం చాలా దూరం వదలాలి. ముందున్నది గాలిని వాడుకుని వెనక సుడులు వదులుతుంది, అందులో రెండోది నిలబడితే దానికి తిండి ఉండదు, పైగా అరుగుదల. గాలి వచ్చే దిక్కున రెక్కల చుట్టు వ్యాసానికి ఐదు నుంచి ఏడు రెట్ల దూరం మామూలు. ఆ మధ్య భూమిలో కంది, జొన్న, పత్తి ఏదైనా వేసుకోవచ్చు, గొర్లు మేపుకోవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక టవర్ నీడ ఎటు జరిగితే అటు గొర్ల మంద వరుసగా జరుగుతూ పడుకోవడం ఎన్నిసార్లు చూశానో.

అంత పొడుగు రెక్కను మా ఊరి రోడ్డు మీద ఎట్ల తెస్తరు?

రాత్రిపూట, నెమ్మదిగా. 49 మీటర్ల రెక్క ఒకే ముక్క, మధ్యలో అతుకుండదు. ముందొక మనిషి కర్రతో కరెంటు వైర్లు ఎత్తుతూ నడుస్తాడు, వెనక చక్రాలను విడిగా తిప్పేవాడు ఒకడుంటాడు. మూలమలుపులో అరుగో, గోడో అడ్డొస్తే రాకముందే మాట్లాడుకుని డబ్బిస్తారు. ఇవ్వాలి కూడా.

## తిరిగేటప్పుడు

గాలికి రెక్క తిరిగితే కరెంటు ఎట్ల పుడ్తది?

సైకిల్ డైనమో గుర్తుందా? చక్రానికి ఆనిస్తే లైటు వెలిగేది. సూత్రం అదే. అయస్కాంతం దగ్గర రాగితీగ చుట్టను కదిలిస్తే, లేదా చుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే, తీగలో కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో చూపించాడు. శ్రీశైలంలో నీళ్లు తిప్పినా, దామరచర్ల యాదాద్రి ప్లాంటులో ఆవిరి తిప్పినా, ఇక్కడ గాలి తిప్పినా చివరికి జరిగేది ఇదే.

రెక్కను అడ్డంగా కోసి చూస్తే విమానం రెక్కలా ఒకవైపు ఉబ్బుగా ఉంటుంది. దాని మీదుగా గాలి పారినప్పుడు రెండు వైపులా ఒత్తిడిలో తేడా వచ్చి రెక్కను పక్కకు లాగుతుంది. గాలి వెనక నుంచి నెట్టడం వల్ల తిరుగుతుందని అందరూ అనుకుంటారు, నిజానికి ఈ లాగుడే ముఖ్యం.

రెక్కల చుట్టు వ్యాసం 100 మీటర్లయితే అది ఊడ్చే వైశాల్యం 7,850 చదరపు మీటర్లు, దాదాపు రెండెకరాలు. రెండెకరాల చెలకను నిలువునా లేపి గాలికి అడ్డం పెట్టినట్టు. సెకనుకు 8 మీటర్ల గాలి వీస్తుంటే దాని గుండా ప్రతి సెకనూ 70 టన్నుల దాకా గాలి పోతుంది. గాలికి బరువేముంది అనుకుంటాం కదా.

రెక్కలు నిమిషానికి 15 చుట్లు తిరుగుతాయనుకుందాం. జనరేటర్‌కు అది చాలదు, దానికి 1,500 చుట్లు కావాలి. మధ్యలో గేర్‌బాక్సు ఆ నూరు రెట్లు పెంచుతుంది. గేర్‌బాక్సు లేకుండా పెద్ద గుండ్రటి జనరేటర్‌నే మెల్లగా తిప్పే రకాలూ ఉన్నాయి. గాలి ఒక్క తీరుగా ఉండదు కాబట్టి పుట్టిన కరెంటును ఎలక్ట్రానిక్ కన్వర్టర్ సరిచేసి మన లైన్ల 50 హెర్ట్జ్‌కు కుదురుస్తుంది.

జనరేటర్ దగ్గర వోల్టేజీ మామూలుగా 690. రెండు మెగావాట్లు పూర్తిగా వస్తున్నప్పుడు ఆ వోల్టేజీలో 1,670 ఆంపియర్లు పారాలి. చెయ్యి లావు కేబుళ్లు కావాలి, దూరం పంపితే వేడికే చాలా పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 33 వేల వోల్టులకు పెంచగానే అదే కరెంటు 35 ఆంపియర్లకు దిగుతుంది. సన్నటి తీగ సరిపోతుంది.

మెల్లగ తిరుగుతున్నట్టుంది, కరెంటు వస్తుందా అసలు?

కింద నుంచి చూస్తే సోమరిగా కనిపిస్తుంది. 100 మీటర్ల చుట్టు నిమిషానికి 15 సార్లు తిరిగితే రెక్క కొస గంటకు 280 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. కొస దగ్గర చర్మం అరిగిపోవడానికి వాన చినుకులే చాలు.

మూడే రెక్కలెందుకు? పది పెడితే ఇంకా ఎక్కువ రాదా?

రాదు. గాలిలోని శక్తిని మొత్తం లాగేస్తే గాలి అక్కడే ఆగిపోవాలి, ఆగితే వెనక గాలికి దారి ఉండదు. ఎంత గొప్ప యంత్రమైనా 59.3 శాతానికి మించి తీయలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1919లోనే లెక్క తేల్చాడు. మంచి టర్బైన్ 40, 45 శాతం తీస్తుంది. మూడు రెక్కలతోనే అక్కడిదాకా వెళ్లగలిగినప్పుడు నాలుగోది బరువు, ఖర్చు. రెండు రెక్కలతో కూడా చేశారు గానీ ఊగిసలాట ఎక్కువ. బావి నీళ్లు తోడే పాత గాలిమరలకు రేకు రెక్కలు చాలా ఉంటాయి, వాటికి కావాల్సింది మెల్లగా బలంగా తిరగడం.

గాలి జోరుగ ఉన్నా ఫ్యాన్లు ఆగి ఉంటయి. ఖరాబైనయా?

కొన్నిసార్లు అవును. చాలాసార్లు కాదు.

సెకనుకు 3 మీటర్ల లోపు గాలికి తిప్పినా కరెంటు రాదు. 11, 12 మీటర్ల దగ్గర పూర్తి సామర్థ్యం వస్తుంది, ఆపైన రెక్కలే కొద్దికొద్దిగా పక్కకు తిరిగి అదనపు గాలిని వదిలేస్తాయి. 25 మీటర్లు, అంటే గంటకు 90 కిలోమీటర్లు దాటితే రెక్కలను గాలికి అంచు చూపేలా తిప్పి ఆపేస్తారు. కత్తిని అడ్డంగా కాక నిలువుగా పట్టుకున్నట్టు. పెద్ద గాలివానలో టర్బైన్ ఆగి ఉందంటే అది దాని తెలివే.

ఇంకో కారణం వింటే నవ్వుతారు: కరెంటు లేక. లైన్‌లో కరెంటు పోతే టర్బైన్ కూడా ఆగాలి. పుట్టించింది పంపడానికి దారి లేకపోతే రెక్కలు అదుపు తప్పి పరుగెత్తుతాయి, కాబట్టి సెకన్లలో ఆగిపోతుంది. రెండేళ్ల కిందట ఒక జూలైలో అంత మంచి గాలిలో 33 కేవీ లైను మీద చెట్టు పడి పది టర్బైన్లూ ఆరు గంటలు నిలబడ్డాయి. ఆ ఆరు గంటలూ మా ఇంజనీర్ ఆకాశం వైపు చూడలేకపోయాడు.

అంత ఎత్తు ఎట్ల ఎక్కుతరు?

టవర్ లోపల నిచ్చెన ఉంటుంది. నడుముకు, భుజాలకు బెల్టు, నిచ్చెన వెంట సాగే తీగకు కొక్కెం. 80 మీటర్లు ఎక్కడానికి నాకు మొదట్లో నలభై నిమిషాలు పట్టేది, తర్వాత పావుగంట. కొన్ని కొత్త వాటిలో చిన్న లిఫ్టు ఉంటుంది. ఏప్రిల్‌లో ఆ ఇనుప గొట్టం లోపల ఇటుకబట్టీలా ఉంటుంది. పైన గది తలుపు తీయగానే గేర్ ఆయిల్ వాసన ముఖానికి కొడుతుంది. పైకప్పు మూత ఎత్తి చూస్తే చెరువులన్నీ పగిలిన అద్దం ముక్కల్లా కనిపిస్తాయి. కాళ్లకింద టవర్ ఊగడం కూడా తెలుస్తుంది, అలా ఊగాలి. ఒకసారి పైకెక్కాక 24 నంబరు స్పానర్ కింద జీపులో మరిచానని తెలిసింది. ఆ రోజు రెండుసార్లు ఎక్కాను.

## లైనెక్కాక

మా ఊరి పక్కనే ఉంది కదా, మాకు ముందు కరెంటు ఇస్తరా?

అలా ఉండదు. టర్బైన్ల కరెంటు సబ్‌స్టేషన్‌లో గ్రిడ్‌తో కలుస్తుంది. కలిశాక ఏది గాలిది, ఏది బొగ్గుది అని వేరు చేయలేం. చెరువులో మీ వాగు నీళ్లెన్ని అని అడిగినట్టు. మీ ఊరికి వచ్చేది కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ ఫీడర్ నుంచే. చెట్టుకొమ్మ పడి మీ ట్రాన్స్‌ఫార్మర్ పోతే పక్కన వంద ఫ్యాన్లు తిరుగుతున్నా చీకటే.

రెండు మెగావాట్లంటే ఎన్ని మోటార్లు నడుస్తయి?

పూర్తి గాలిలో సుమారు 450 నుంచి 500, ఒక్కోటి 5 హెచ్‌పీ అనుకుంటే. అయితే ఏడాదంతా పూర్తిగా రాదు. సగటున సామర్థ్యంలో నాలుగో వంతు వచ్చిందంటే ఆ ఒక్క టర్బైన్ ఏడాదికి దాదాపు 44 లక్షల యూనిట్లు ఇస్తుంది. నెలకు వంద యూనిట్లు కాల్చే ఇళ్లయితే 3,600 ఇళ్ల లెక్క.

రాత్రి వచ్చే కరెంటును దాచిపెట్టొచ్చా?

దాచొచ్చు, మన దగ్గరే దారి ఉంది. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలోని 150 మెగావాట్ల ఆరు యూనిట్లు రెండు వైపులా పనిచేసేవే. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదులుతాయి. నాగార్జునసాగర్‌లోనూ అలాంటివి ఉన్నాయి. ఒక చిక్కు చెప్పాలి: మన గాలి కాలం, కృష్ణకు వరదొచ్చే కాలం దాదాపు ఒకటే. డ్యాం నిండి గేట్లు ఎత్తిన రోజుల్లో పైకి తోడే పనే ఉండదు. బ్యాటరీలు ఆ లోటు కొంత తీరుస్తాయి.

ఎప్పుడు ఎంత వస్తుందో ముందే చెప్పాల్సిన బాధ్యత కూడా సైటుదే. రోజును పావుగంటల చొప్పున 96 ముక్కలు చేసి ఒక్కో ముక్కకు అంచనా పంపుతారు. బాగా తప్పితే జరిమానా.

## పుకార్లు, భయాలు

ఫ్యాన్లు మబ్బులను తరిమేస్తయట. అవి వచ్చినకాడ వానలు పడవంటున్నరు?

పాలమూరులో వాన గురించి అడిగే ప్రశ్నను నవ్వి కొట్టేయలేం. బోరు ఎండి వలస పోయినవాళ్ల పిల్లలు అడుగుతున్న ప్రశ్న ఇది. మహారాష్ట్రలోనూ ఇదే పుకారు నడిచింది.

ఎత్తు చూడండి. రెక్క కొస నేల నుంచి 150 మీటర్లు. వానాకాలం మబ్బు అడుగు సుమారు కిలోమీటరు పైన. మబ్బు కట్టడానికి కావాల్సిన తేమ అరేబియా సముద్రం నుంచి వందల కిలోమీటర్ల వెడల్పున వస్తుంది, పది టర్బైన్లు దానికి అడ్డం పెట్టిన పది గరిక పోచలు. టర్బైన్ల వల్ల నేల దగ్గర గాలి కలగాపులగమై రాత్రి ఉష్ణోగ్రత కాస్త మారుతుందని పరిశోధనల్లో తేలింది, అది ఆ చుట్టుపక్కలకే.

మరి ఫ్యాన్లున్న చోట్లు ఎండిపోయి ఎందుకు కనిపిస్తాయి? గాలి పడమటి కనుమల మీద వానంతా దించేసి, ఉత్తచేతులతో ఇటు వస్తుంది. తేమ లేకపోయినా వేగం ఉంటుంది. ఆ గాలి చూసే టర్బైన్లు పెడతారు. కరువు ముందు నుంచీ ఉంది, ఫ్యాన్లు తర్వాత వచ్చాయి.

చప్పుడుకు నిద్ర పట్టదంటరు?

దగ్గరగా ఉంటే ఇబ్బందే. కింద నిలబడితే "హుష్... హుష్..." అని ఒకే తాళం. అర కిలోమీటరు దాటాక 40 డెసిబెల్స్ అటూఇటూ, ఊళ్లో రాత్రి గాలి చప్పుడులో కలిసిపోతుంది. కేంద్రం 2016 మార్గదర్శకాల్లో ఇళ్ల నుంచి 500 మీటర్ల దూరం చెప్పింది. మీ ఇంటికి అంతకన్నా దగ్గర గుర్తు పెడుతుంటే పునాది తవ్వకముందే అడగండి, తర్వాత లేచి జరిగేది కాదు. పొద్దున, సాయంత్రం రెక్కల నీడ కిటికీలో టకటకా తగిలే ఇబ్బంది కూడా ఉంటుంది, అది కూడా దూరంతోనే పోతుంది.

పిట్టలు చస్తయా?

కొన్ని చస్తాయి. గద్దలు, గబ్బిలాలకు ప్రమాదం ఎక్కువ. నేనూ టవర్ కింద గద్దను చూశాను. అందుకే నల్లమల అంచుల్లాంటి చోట్ల సైటు ఎంచుకునేముందే పక్షుల దారులు చూడాలి.

పిడుగు పడితే?

రెక్కల్లో లోహపు బిళ్లలు, వాటి నుంచి నేల దాకా తీగ ఉంటాయి, పిడుగు అలా భూమిలోకి దిగుతుంది. అయినా రెక్క చీలిన సందర్భాలున్నాయి. ఉరుములప్పుడు మేకలను తోలుకుని టవర్ కిందికి మాత్రం పోకండి.

## పాతబడ్డాక

ఎన్నేండ్లు నడుస్తది? ఆ తర్వాత ఆ ఇనుము ఎవరిది?

20 నుంచి 25 ఏళ్లు. ఆ తర్వాత టవర్ ఉక్కు, జనరేటర్ రాగి పాత ఇనుము ధరకు సులువుగా అమ్ముడుపోతాయి. ఎవరూ కొననివి రెక్కలు. ఫైబర్‌గ్లాస్, బల్సా చెక్క కలిపి అతికించినవి, కరిగించడం కుదరదు. వాటినీ, పునాది కాంక్రీటు పై భాగాన్నీ తీసుకుపోయే బాధ్యత కంపెనీదని లీజులో ఉండాలి. లేకపోతే మీ మనవడు ఆ దిమ్మె చుట్టూ నాగలి తిప్పుకోవాల్సి వస్తుంది.

మా పిల్లగాడు ఐటీఐ ఎలక్ట్రీషియన్. ఈ పనిలో చేరొచ్చా?

చేరొచ్చు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండూ పనికొస్తాయి. కట్టేటప్పుడు చాలామందికి కూలి దొరుకుతుంది, కట్టాక పది టర్బైన్లకు నలుగురైదుగురు టెక్నీషియన్లు, కొందరు కాపలావాళ్లు చాలు. ఊరంతటికీ ఉద్యోగాలని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఎత్తులో పనిచేసే భద్రతా శిక్షణ కోర్సు చేయించండి, ఏ సైటులోనైనా ముందు అదే అడుగుతారు. దానికన్నా ముందు ఊరి వాటర్ ట్యాంకు నిచ్చెన దగ్గర నిలబడి, పైకి చూసి ఎక్కగలడో లేదో అతన్నే అడగండి. నా బ్యాచ్‌లో మార్కులు బాగా వచ్చినవాడు మొదటి రోజు 20 మీటర్ల దగ్గర నిచ్చెన పట్టుకుని కదల్లేదు. కిందికి దింపడానికి నాకు గంట పట్టింది. ఇప్పుడు కంట్రోల్ రూంలో కంప్యూటర్ ముందు హాయిగా ఉన్నాడు.